అయిదు నల్లమెట్లు చాలు

పియానో అనగానే మన పిల్లల కళ్ళముందు కదిలేది పాతసినిమాలో కథానాయకుడు కూర్చుని పాడే ఆ పెద్ద నల్లని బల్ల. అది గొప్పింటి వస్తువు, పదేళ్ళు ఫీజు కట్టి నేర్చుకోవలసిన విద్య, మనకు అందనిది అన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. ఈ అభిప్రాయం తప్పని నేనంటాను. సంగీతంలో ఓనమాలు రాని పిల్ల కూడా, మొదటి రోజునే, వినేవాళ్ళ మనసు కాస్త కదిలేలా ఆ మెట్లమీద ఏదో ఒకటి పలికించగలదు. మీకు హుషారు పుట్టించాలని చెబుతున్న మాట కాదిది. దీనికి కారణాలు ధ్వనిశాస్త్రంలో ఉన్నాయి. వాటిని మీరు చేతులతో పరీక్షించి చూడవచ్చు కూడా.

మా వైపు, అంటే మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా మర్రిచెట్ల రోడ్డుకు ఇరువైపులా, తోటబంగళాలు చాలా లేచాయి. అలాంటి ఒక బంగళాలో తోటపని చేసే ఆయన కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆ ఇంటి హాలులో గుడ్డ కప్పిన పియానో ఒకటి ఉందట. ఏడాదికి నాలుగు రోజులు తప్ప దానిని ఎవరూ ముట్టుకోరట. ఒకరోజు ఆ అమ్మాయి ధ్వని పాఠం అయ్యాక వచ్చి, "సార్, పియానో నేర్వాలంటే ఎన్నేండ్లు పడ్తది?" అని అడిగింది. ‘నేర్వడం’ అంటే ఏమిటన్నది తేలితే గాని ఆ ప్రశ్నకు జవాబు లేదు. కచేరీ చేయడమా? దానికి ఏళ్ళు పడుతుంది, సందేహం లేదు. తన మనసులోని మాటను నాలుగు స్వరాల్లో చెప్పడమా? దానికి ఒక సాయంత్రం చాలు.

అందుకు పియానోయే ఉండాలని కూడా లేదు. ఏడు తెల్లమెట్లు, అయిదు నల్లమెట్లు. ఈ పన్నెండింటి వరస హార్మోనియంలోనూ ఒకటే, కాసియోలోనూ ఒకటే, అమ్మ ఫోనులో ఉచితంగా వచ్చే బొమ్మ పియానోలోనూ ఒకటే. ఊళ్ళో హనుమంతుని గుడి భజనలో హార్మోనియం ఉంటుంది. చర్చిలో కాసియో ఉంటుంది. నిజానికి మా పల్లెల్లో రెండుచేతులా మెట్లు వాయించే కుర్రవాళ్ళు ఎక్కువగా చర్చి గాయకబృందాల నుంచే వస్తున్నారు. ఎవరూ వారిని ఏళ్ళతరబడి కూర్చోబెట్టి నేర్పలేదు; ఆదివారం పాటకు అవసరమై నేర్చుకున్నారు.

ఇక యంత్రం సంగతి చూద్దాం. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో, మెడిచి ప్రభువుల వాద్యాలను చూసుకునే బార్తలోమియో క్రిస్టఫొరీ అనే నిపుణుడు పియానోను తయారుచేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డు అనే వాద్యంలో మెట్టు నొక్కితే ఒక ఈక ముల్లు తీగను మీటేది. మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా దాదాపు ఒకే మోత వచ్చేది. క్రిస్టఫొరీ ముల్లు తీసేసి చిన్న సుత్తిని పెట్టాడు. మెట్టు ఎంత వేగంగా దిగితే సుత్తి అంత వేగంగా వెళ్ళి తీగను కొడుతుంది. ఆ వాద్యానికి మెల్లగానూ బిగ్గరగానూ పలికేది అని పేరు వచ్చింది. ఇటలీ భాషలో ‘పియానో’ అంటే మెల్లగా అని అర్థం. ఆ సగం పేరే లోకంలో నిలిచిపోయింది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. తీగను తాకడానికి రవ్వంత ముందే సుత్తి మెట్టునుంచి విడిపోతుంది. చేయి విడిచిన రాయి ఎలా వెళుతుందో అలా తన వేగంతో తానే వెళ్ళి తీగను కొట్టి వెనక్కు వస్తుంది. అంటే సుత్తి చేయి దాటాక వాయించేవాడు చేయగలిగింది ఏమీ లేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త సర్ జేమ్స్ జీన్స్ 1937లో రాసిన పుస్తకంలో దీనినే వేళాకోళంగా చెప్పాడు: ఒంటి స్వరం మట్టుకైతే మెట్టును మహావిద్వాంసుని వేలు నొక్కినా, గొడుగు మొన నొక్కినా తేడా ఉండదట! వేలు మెట్టును తాకిన టక్కుమనే చప్పుడు కొద్దిగా కలుస్తుంది గాని, అది వేరే సంగతి.

మన సి.వి. రామన్ గారికి కూడా ఈ సుత్తిమీద ఆసక్తి కలిగింది. ఆయన కలకత్తాలో బౌబజారు వీధిలోని ప్రయోగశాలలో వీణ, వయొలిన్, మృదంగాలనే గాక పియానో సుత్తి తాకిడినీ పరిశీలించారు. భవనాథ్ బెనర్జీతో కలిసి రాసిన ఆ పత్రం 1920లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నోబెల్ బహుమతికి పదేళ్ళ ముందటి మాట ఇది.

గొడుగు మొన మాటలో మొదలుపెట్టేవారికి గొప్ప ధైర్యం ఉంది. వేణువులో ఊదడం కుదరడానికే కొన్ని వారాలు పడుతుంది. వయొలిన్ మొదటి నెలలో తలుపు కీచుమన్నట్టు పలుకుతుంది. పియానోలో అయితే ఒక్కొక్క స్వరమూ మొదటిరోజునే శుద్ధంగా, విద్వాంసునికి పలికినట్టే పలుకుతుంది. మరి విద్వాంసునికీ మనకూ తేడా ఎక్కడుంది? ఏ మెట్టు, ఎంత వేగంగా, ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నదానిలోనే. భావమంతా ఈ నాలుగింటిలోనే ఇమిడి ఉంది. ఇందులో మొదటి ప్రశ్న, ‘ఏ మెట్టు’ అన్నదే, కొత్తవారిని భయపెడుతుంది. దానిని సులువు చేసేస్తే మనసంతా మిగిలిన మూడింటిమీద పెట్టవచ్చు.

సులువు చేసే ఉపాయం నల్లమెట్లలో ఉంది. వాటిని చూడండి: రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపు. మూడింటి గుంపులో ఎడమవైపు మొదటిదాన్ని స అనుకోండి. పాటగాళ్ళు దానిని నాలుగున్నర శ్రుతి అంటారు. అక్కడి నుంచి కుడివైపుగా నల్లమెట్లనే తొక్కుకుంటూ పోతే స రి గ ప ద వస్తాయి. ఇదే మోహన రాగం! మ, ని లేవు. నడిమి స్థాయిలో ఈ అయిదింటి పౌనఃపున్యాలు సుమారు 370, 415, 466, 554, 622.

ఈ అయిదింటిలో ఏది తరవాత ఏది నొక్కినా ‘తప్పు’ వినిపించదు. ఎందుకని? 370 కంపనాల మెట్టునూ, దాని పక్కనే ఉన్న 392 కంపనాల తెల్లమెట్టునూ కలిపి నొక్కి చూడండి. రెండింటి తేడా 22. సెకనుకు 22 సార్లు శబ్దం పెరుగుతూ తగ్గుతూ గరగరలాడుతుంది. వీటినే విస్పందనాలు అంటారని పదో తరగతి దాటిన మీ అన్నలకు తెలుసు. స్వరాల మధ్య గరుకుదనానికి కారణం ఈ విస్పందనాలేనని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1863లోనే వివరించాడు. నల్లమెట్లలో ఏ రెండూ అంత దగ్గరగా లేవు. ప్రతి రెండింటి నడుమ కనీసం ఒక తెల్లమెట్టు అడ్డం ఉంది. కనుక ఆ గరగర పుట్టే చోటే లేదు. చైనా జానపదాల్లో, స్కాట్లండు పాటల్లో, మన మోహనంలో ఈ అయిదు స్వరాల అమరికే కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

సరే, ఎడమచేతికి పని చెబుదాం. పియానో స్వరం పుట్టిన మరుక్షణం నుంచే క్షీణించడం మొదలవుతుంది. హార్మోనియంలా సాగదు. కాబట్టి చప్పుడు చచ్చిపోకుండా మళ్ళీ మళ్ళీ మీటుతూ ఉండాలి. తంబురా కూడా ఇలాంటిదే కదా! అందుకే తంబురా వేసేవారు ప, స, స, కింది స అని ఒకే వరసను కచేరీ పొడుగునా తిప్పుతారు. మీరూ అంతే చేయండి. ఎడమచేత్తో కింది స్థాయిలో స – ప – పై స – ప, మళ్ళీ స – ప – పై స – ప. చిన్నచేతికి అందకపోతే స, ప రెండే చాలు. హార్మోనియం మీదైతే ఎడమచేయి తిత్తికే సరిపోతుంది గనుక పక్కన స్నేహితుణ్ణి కూర్చోబెట్టి తిత్తి ఊదించండి.

లయ కోసం ఖర్చులేని పరికరం ఉంది. 25 సెంటీమీటర్ల దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి. అది ఒకసారి పోయి రావడానికి దాదాపు సరిగ్గా ఒక సెకను పడుతుంది. లఘులోలకం పాఠం ఇంత మధురంగా ఇంకెక్కడ పనికివస్తుంది! ఎడమచేతి వరస ఆ ఊపుకు కుదిరాక, కుడిచేత్తో పై స్థాయిలో స రి గ ప అనండి. ప మీద ఆగండి. ఎడమచెయ్యి నడుస్తూనే ఉండాలి. తరవాత ప గ రి స అని దిగి స మీద ఆగండి.

ఏం వినిపించింది? మొదటిది ప్రశ్నలా, రెండోది జవాబులా ఉంది కదూ. ఇంట్లో అమ్మ "తింటవా?" అన్నప్పుడు గొంతు చివర లేస్తుంది; మీరు "తింట" అన్నప్పుడు దిగుతుంది. చేవెళ్ళ మార్కెట్లో టమాటా గంప దగ్గర కాసేపు నిలబడి, మాటలు వదిలేసి గొంతులే వినండి. బేరమాడే గొంతు ఎక్కడ లేస్తుందో, ‘ఇగ ఇంతే’ అనే గొంతు ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది. భావం పలికించడమంటే ఆకాశంనుంచి ఊడిపడేది కాదు. రోజూ నోటితో చేసేదాన్నే వేళ్ళతో చేయడం.

ఇప్పుడు అదే ప్రశ్నను మూడురకాలుగా అడిగి చూడండి. ఒకసారి మెల్లగా మొదలుపెట్టి ప దగ్గరకు వచ్చేసరికి గట్టిగా. ఇంకొకసారి గట్టిగా మొదలుపెట్టి ప ను వినీవినిపించనట్టుగా. మూడోసారి రాయి ఊపును కావాలని తప్పి, ప కు ముందు ఒక ఊపిరి తీసుకునేంత ఆలస్యంగా. స్వరాలు అవే నాలుగు. మొదటిది గద్దించినట్టుంటుంది, రెండోది బతిమాలినట్టు, మూడోది చెప్పాలా వద్దా అని సందేహించినట్టు. గట్టిగా కొట్టినప్పుడు సుత్తిమీది ఉన్నిపట్టు నొక్కుకుని గట్టిపడి, తీగలో పై అతిస్వరాలను ఎక్కువగా లేపుతుంది. అందుకే గట్టి స్వరం బిగ్గరగానే కాదు, మెరుపుగా కూడా వినిపిస్తుంది. ఫోను అద్దానికి, చౌకరకం కాసియోకి ఈ వేగం సాధారణంగా తెలియదు. ఎంత గట్టిగా పొడిచినా ఒకటే చప్పుడు. వాటిమీద వాయించేవారు నిశ్శబ్దాన్నీ ఆలస్యాన్నీ ఎక్కువగా నమ్ముకోవాలి. అదీ ఒక మంచి శిక్షణే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇంకొకటి ఉంది. మెట్లు మార్చకండి. ఆ అయిదు నల్లమెట్లే. కాని ఎడమచేతి స ను మాత్రం జరపండి. మోహనంలో ద గా ఉన్న మెట్టును, అంటే రెండున్నర శ్రుతిని, స అనుకుని ఎడమచేత్తో అక్కడినుంచి స – ప తిప్పండి. కుడిచెయ్యి ఇందాకటి మెట్లమీదే తిరగనివ్వండి. ఇందాక పండగ ఇల్లులా ఉన్నది ఇప్పుడు పొద్దుగూకిన వేళలా మారిపోతుంది. అది శుద్ధధన్యాసి. మోహనంలోని రి ని స చేస్తే మధ్యమావతి. ప ని స చేస్తే శుద్ధసావేరి. గ ని స చేస్తే హిందోళం. అయితే హిందోళంలో ప లేదు, అది తెల్లమెట్టు మీద పడుతుంది, కనుక అక్కడ ఎడమచేతికి స – మ ఇవ్వండి. దీనినే మన సంగీతశాస్త్రంలో గ్రహభేదం అంటారు. ఒక్క మెట్టూ మారకుండా అయిదు రాగాల ఛాయలు! స్వరానికి దానంతట దానికే దుఃఖమూ లేదు, సంతోషమూ లేదు; ఆధారస్వరం నుంచి ఎంత దూరమన్నదే దాని అర్థమని ఇంతకంటె తేటగా చూపే ప్రయోగం నాకు తెలియదు. భౌతికశాస్త్రంలో సాపేక్ష వేగం చెప్పేటప్పుడు కూడా ఇది గుర్తుకు తెచ్చుకోవచ్చు.

ఇవన్నీ పిల్లచేష్టలంటారా? బాఖ్ అనే జర్మన్ మహావిద్వాంసుడు 1720లో తన తొమ్మిదేళ్ళ పెద్దకొడుకు కోసం ఒక సాధన పుస్తకం మొదలుపెట్టాడు. తరవాత 1722 నాటి తన ప్రఖ్యాత సంపుటికి మొట్టమొదటి రచనగా పెట్టుకున్నదాని తొలిరూపం అందులో ఉంది. చివరి కొద్ది గీతలు తప్ప అదంతా ఒకే వేళ్ళవరస. స్వరాలు మాత్రం మెల్లమెల్లగా మారుతుంటాయి. మూడువందల ఏళ్ళుగా లోకం దానిని వింటూనే ఉంది. హంగరీకి చెందిన బార్తోక్ 1926 నుంచి 1939 దాకా పిల్లలకోసం మొదలుపెట్టి 153 చిన్న రచనలు చేశాడు. తొలి రెండు భాగాలు తన కొడుకు పీటర్‌కు అంకితమిచ్చాడు. మనకు పురందరదాసు పేరిట వస్తున్న సరళీ వరసలు, జంటవరసలు, అలంకారాలు ఏమిటి? స రి గ, రి గ మ, గ మ ప అన్న చిన్న అల్లికలే గదా. వాటిని గడగడ అప్పజెప్పించి ఆపేయడమే మనం చేస్తున్న పొరపాటు. అల్లిక వచ్చిన రోజునే, "దీనితో ఇప్పుడు ఒక ప్రశ్న అడుగు, కోపంగా అడుగు, జాలిగా అడుగు" అనాలని నా వాదన.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసేయలేను. చేవెళ్ళ దగ్గరి ఒక పల్లెలో భజనలో హార్మోనియం వాయించే తాత ఒకాయన నాతో అన్నాడు: "సారూ, నలభై ఏండ్ల సంది పెట్టె వాయిస్తున్న. గీ మెట్టుకు గా మెట్టుకు నడుమ జాగ ఉన్నది సూడు, రాగం గాడ ఉంటది. గా జాగల వేలు వెట్టనీకి ఈ పెట్టెల రాదు." గమకాన్ని గురించి ఇంత బాగా చెప్పినవారిని నేను చూడలేదు. ఆకాశవాణి కూడా ఈ కారణంతోనే హార్మోనియాన్ని 1940లో తన కేంద్రాల్లోంచి నిషేధించింది; 1971లో గాని ఆ పట్టు సడలలేదు. నిజమే, మెట్ల వాద్యంమీద తోడి పలకదు. శహన పలకదు. పలికినట్టు చేసి మోసం చేయడం కంటె వాటి జోలికి పోకపోవడమే మర్యాద.

కాని ఆ తాతే పొద్దుపోయాక పెట్టెమీద మోహనంలో నాలుగు స్వరాలు ఆపి ఆపి పలికిస్తే అరుగుమీది కబుర్లు ఆగిపోతాయి. గమకం లేకపోయినా ఆయనకు ఆగడం తెలుసు. పెట్టెలో లేనిదేమిటో కూడా ఆయనకు పెట్టె వాయించబట్టే తెలిసింది. మెట్ల నడుమ జాగా ఉందని గుర్తించాలంటే ముందు మెట్లమీద చేయి తిరగాలి. ఆ తరవాత ఎవరికి దాహం ఉంటే వారు వీణ దగ్గరికో గాత్రం దగ్గరికో వెళతారు. ‘ముందు మూడేళ్ళు గాత్రం, ఆ తరవాతే వాద్యం’ అనే నియమం కచేరీ చేయబోయేవారికి మంచిదే కావచ్చు. మిగిలిన తొంభైతొమ్మిది మందికి అది తలుపు మూయడమే అవుతుంది.

మూసిన తలుపులంటే ఇంకొకటి చెప్పాలి. ఎరిగిన ఒక బడిలో దాతలు ఇచ్చిన కాసియో ఒకటి ఉంది. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందని దానిని బీరువాలో పెట్టి తాళం వేశారు. బయటికి తీయకపోవడం వల్లనే అది పాడయింది. లోపల మరిచిపోయిన బ్యాటరీలు కారి తగరపు బిళ్ళలు తుప్పు పట్టాయి. ఇలాంటి బీరువాలు జిల్లాలో ఎన్ని ఉన్నాయో! కళలు పాఠశాల విద్యలో భాగం కావాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగానే చెప్పింది. ప్రోగ్రెస్ కార్డులో కళలకు ఒక గడి కూడా ఉంది. ఆ గడిలో గ్రేడు వేయడం మాత్రం క్రమం తప్పకుండా జరుగుతోంది. ఆగస్టు పదిహేనుకు ముందు వారం రోజులు కాసియో బయటికి వస్తే, ఒక్క పిల్లవాడికి మెట్లకు అంకెలు అతికించి ఒక సినిమాపాట బట్టీ పట్టిస్తారు: మూడు, మూడు, అయిదు, రెండు... అంకెలు ఊడితే పాటా ఊడుతుంది. ఆ వారంలోనే నలభైమందిని వంతులవారీగా అయిదు నల్లమెట్ల దగ్గర కూర్చోబెడితే ఒక్కొక్కరికి పది నిమిషాలైనా వస్తాయి. హెడ్మాస్టర్లు ఆలోచించాలి. ‘మార్కులొస్తాయా’ అని అడిగే తల్లిదండ్రులకు విస్పందనాలు, లోలకం, అతిస్వరాలు మూడూ ఇందులోనే వచ్చేశాయని చెప్పవచ్చు.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి ఫోనులోనే మొదలుపెట్టింది. మూడోరోజు వచ్చి, "సార్, ఒక తెల్లమెట్టు కలిపితే ఏమైతది?" అని అడిగింది. నేను చెప్పలేదు. మీకూ చెప్పను. నాలుగున్నర స తో మోహనం వాయిస్తూ, తెల్లమెట్లు ఏడింటిలో ఒక్కొక్కటే కలిపి చూడండి. స కు ఆనుకుని రెండు తెల్లమెట్లున్నాయి, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండూ స నుంచి అరమెట్టు దూరమే, రెండింటితోనూ గరగర పుట్టవలసిందే. కాని ఆ రెండూ చెవికి ఒకేలా తోచవు. ఏది ఎలా తోచిందో, స మీదికి దిగేటప్పుడు ఏది బాగుందో, ఎక్కేటప్పుడు ఏది బాగుందో రాసి పత్రికకు పంపండి.